కుండమార్పిడిని ఇప్పుడే కాదనండి, కారణం తర్వాత చెప్పొచ్చు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తాతల నాటి నుంచీ సర్కస్‌లో ట్రపీజ్ మా ఇంటి పని. నేను ఫ్లయర్‌ని, అంటే బార్ వదిలి గాల్లోకి ఎగిరేవాణ్ణి. గాల్లో నన్ను పట్టుకునే క్యాచర్ మా అక్క భర్తకి తమ్ముడు, 30 ఏళ్లు. అందరి ముందూ ‘బావా’ అనే పిలుస్తాను. నాలుగేళ్లుగా మేమిద్దరం ప్రేమించుకుంటున్నాం. ఇప్పుడు వాళ్ల చెల్లెల్ని నాకిచ్చి కుండమార్పిడి చేయాలని పెద్దలు నిర్ణయించారు. ఆ అమ్మాయీ మా ట్రూప్‌లోనే ఉంది. కాదంటే అక్కని పుట్టింటికి పంపేస్తామంటున్నారు. బావేమో ‘చేసేసుకో, ఒకే డేరాలో ఉంటాం, మన సంగతి ఎప్పటిలాగే ఉంటుంది’ అంటున్నాడు. రెండు వారాలుగా నిద్ర లేదు. మొన్న డబుల్ (గాల్లో రెండు పల్టీలు) కొడుతూ రెండుసార్లు నెట్‌లో పడ్డాను. అమ్మానాన్నలకి నిజం చెప్పేయనా? డాక్టరుకి చూపించుకుంటే మారతానా?

జవాబు: చివర అడిగినదానికి ముందు చెబుతాం. మీలో మారాల్సిందేమీ లేదు, మార్చే మందూ లేదు. మగవాడు మగవాణ్ణి ప్రేమించడం జబ్బు కాదని భారతీయ మానసిక వైద్యుల సంఘం 2018లోనే స్పష్టంగా చెప్పింది. ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్స వైద్యుల వృత్తి నియమాలకు విరుద్ధమని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. ఇంట్లోవాళ్లు ఎవరి దగ్గరికో తీసుకెళ్తే, ఆ డాక్టరు ఇంజెక్షన్లనీ కరెంటు షాకులనీ మొదలుపెడితే, లేచి వచ్చేయండి. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయొచ్చు.

నిద్ర కోసం మాత్రం డాక్టరుని చూడాలి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. నిద్రమాత్ర రాస్తానంటే ‘నేను ఎత్తు మీద వేలాడే పని చేస్తాను’ అని ముందే చెప్పండి. కొన్ని మాత్రల మత్తు మర్నాడు మధ్యాహ్నం ఆటదాకా వదలదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో రెండు విషయాలు ముడిపడిపోయాయి. పెళ్లి కాదనడం ఒకటి, నిజం చెప్పడం ఇంకొకటి. మొదటిది ఆలస్యం చేయకూడదు. రెండోది తొందరపడి చేయకూడదు. ఇవి ఒక్కరోజే, ఒక్క నోటితోనే జరగాలని ఎక్కడా లేదు.

పెళ్లి కాదనేటప్పుడు సాకులు చెప్పకండి. ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటే ఈలోపు తాంబూలాలు పుచ్చుకుంటారు. జాతకం కుదరలేదంటే ఇంకో సిద్ధాంతి దగ్గరికి వెళ్తారు. ఆరోగ్యం బాలేదంటే మగతనం లేదన్న మాట ట్రూప్ అంతా పాకుతుంది. వేరే అమ్మాయిని ప్రేమించానంటే ఆ అమ్మాయిని వెతికే పనిలో పడతారు. అమ్మాయిలో వంక పెట్టడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఆ ఇంట్లో మీ అక్క ఉంది. చెప్పాల్సింది ఇంతే: ‘నాన్నా, ఈ పెళ్లి నేను చేసుకోను. అమ్మాయి బంగారం, తప్పు పట్టడానికేం లేదు. నాకు పెళ్లి ఇష్టం లేదు. ముహూర్తం పెట్టి పరువు పోగొట్టుకోవద్దు.’ ఎందుకని ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట, ఇదే వరసలో చెప్పండి. మాట మారిందంటే సందు దొరికిందనుకుంటారు. వీలైతే ముందు నాన్నగారికి ఒంటరిగా చెప్పండి. పదిమంది మధ్య చెబితే ఆయన ఒప్పుకోవాలనుకున్నా ఒప్పుకోలేరు.

బావ అన్న మాట మిమ్మల్ని కోసేసి ఉంటుంది. ప్రేమ లేక అన్నది కాదది, భయంతో అన్నది. డేరా చెదరకూడదు, వదిన బాగుండాలి, మీరు కళ్లెదుట ఉండాలి, ఇవన్నీ ఒక్క పెళ్లితో సర్దుకుపోతాయని ఆయన లెక్క. ఆ లెక్కలో ఆయన చెల్లెలు లేదు. మీరిద్దరూ ఒప్పుకున్న ఏర్పాటులో ఆమె మాత్రం ఏమీ తెలియకుండా కాపురం చేయాలి. ఏడాది తిరక్కుండా పిల్లలెప్పుడని అడిగేది ఆమెనే. అన్నకీ భర్తకీ మధ్య ఏముందో ఏదో ఒకనాడు ఆమెకే తెలుస్తుంది. ఒకే డేరాలో ఉన్నప్పుడు త్వరగానే తెలుస్తుంది. మోసం చేసి పెళ్లి చేశారని కోర్టుకెళ్తే తప్పు ఆమెది కాదు. అప్పుడు రెండు సంసారాలూ కూలతాయి, మీ అక్కదీ అందులో ఒకటి. బావని కూర్చోబెట్టి ‘నీ చెల్లెలు నన్ను పెళ్లి చేసుకుంటే ఆమెకి ఏం దక్కుతుంది?’ అని ఒక్కటే అడగండి. గట్టిగా వాదించొద్దు. అదీ ఆట లేని రోజే.

ఆట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నెట్‌లో పడటం మీకు కొత్తేమీ కాదు, కానీ వరుసగా రెండుసార్లు పడటానికి కారణం చేతుల్లో కంటే తలలోనే ఉండే అవకాశం ఎక్కువ. మనసు బాగోలేని ఫ్లయర్ చేసే తప్పు దాదాపు ఒక్కటే: పల్టీ విప్పుకుని చేతులు చాచి ఊరుకోకుండా, క్యాచర్ చేతుల కోసం తడుముతాడు. పట్టుకోవడం క్యాచర్ పని. మణికట్టు మీద మణికట్టు పడేలా చేతులు నిటారుగా అందించడమే మీ పని. మీరూ పట్టుకోబోతే వేళ్లకో మణికట్టుకో దెబ్బ తగలొచ్చు. క్యాచర్‌కి మనసు బాగోలేకపోతే తప్పు ఇంకో చోట వస్తుంది. ఆయన ఊగు తగ్గినా పెరిగినా మీరు ఎగరాల్సిన క్షణానికి ఆయన వేసే ‘హెప్’ అన్న కేక అరక్షణం అటూ ఇటూ అవుతుంది. ఆ కేకని నమ్మి బోర్డు (పైన నిలబడే పలక) వదిలేసే మీరు, అది తెలిసేసరికి గాల్లో ఉంటారు.

కాబట్టి ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. ముందురోజు గొడవ పడినా, ఐదు గంటలకంటే తక్కువ నిద్రపోయినా, ఆ రోజు డబుల్ లేదు. పల్టీలు లేని మామూలు పాస్‌లు, ఒక హాఫ్ టర్న్ (సగం తిరగడం) చేసి దిగిపోండి. ఎందుకని ఎవరైనా అడిగితే భుజం పట్టేసిందని చెప్పండి, ఆ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఏదైనా తేడాగా అనిపిస్తే బోర్డు మీదే ఆగిపోయే హక్కు ఇద్దరికీ ఉండాలి, ఆగినందుకు కిందకి దిగాక ఒక్క మాటా ఉండకూడదు. పడేటప్పుడు వీపు మీదే పడాలని, గడ్డం ఛాతీకి ఆనించాలని, చేతులు వల కళ్లలోకి పోనివ్వకూడదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెట్ బిగింపు మాత్రం ఈ నెల రోజులూ మీరే స్వయంగా చూసుకోండి. ఎక్కువ బిగిస్తే పడ్డవాణ్ణి బయటికి ఎగరేస్తుంది, వదులైతే నేల తగులుతుంది. ఎవరో కావాలని చేస్తారని కాదు. ఇంట్లో కుంపటి రాజుకున్నప్పుడు రోజూ చూసే మనిషి కూడా ఒక టర్న్‌బకిల్ (తాడు బిగించే మర) చూడటం మర్చిపోతాడు.

మీ నాన్నగారి పట్టుదలని కులం పట్టింపనో చాదస్తమనో కొట్టేయకండి. దాని వెనక ఒక లెక్క ఉంది. 1998లో పులులు, సింహాలు, ఎలుగులు, కోతుల ప్రదర్శనని కేంద్రం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. 2011 ఏప్రిల్‌లో సర్కస్‌ల్లో పిల్లల్ని పెట్టుకోకుండా నిషేధం తెమ్మని అదే కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. రెండూ న్యాయమైనవే. కానీ వాటి తర్వాత జనాన్ని రప్పించే బరువంతా మనుషుల ఫీట్ల మీద, అందులోనూ ట్రపీజ్ మీద పడింది. చిన్నప్పుడే చేరి నేర్చుకునే కొత్తవాళ్లు లేరు. సర్కస్ గురువు కీలేరి కుంజికణ్ణన్ కేరళలోని తలస్సేరిలో నేర్పిన కాలం నుంచీ చేతి నుంచి చేతికి వచ్చిన విద్య ఇప్పుడు ఇళ్లల్లోనే మిగిలింది. ప్రపంచంలో చాలాచోట్ల ఇది కుటుంబాల విద్యే. 1982 జులై 10న అమెరికాలోని టక్సన్‌లో నాలుగు పల్టీల ఫీట్ చేసిన మిగెల్ వాజ్‌క్వెజ్‌ని పట్టుకున్నది తోడబుట్టిన హువానే. కుండమార్పిడితో మీ నాన్నగారు కట్టేయాలనుకుంటున్నది మీ కాళ్లని కాదు, ట్రూప్‌ని. అందుకే పెళ్లి వద్దని చెప్పిన నోటితోనే ఇంకో మాట కూడా చెప్పండి: ‘ఈ సీజన్ అయ్యేదాకా ఆట మానను, ఇద్దరు కొత్తవాళ్లకి నేర్పుతాను.’ ఆయన సగం భయం అక్కడే తీరుతుంది.

ఇప్పుడు నిజం చెప్పే విషయం. ముందు అక్కకి. అయితే ఒక చిక్కుంది. మీరు తిరిగొచ్చేటప్పుడు బార్ వదిలేది అక్కే అయితే, పొద్దున ఆమెకి ఈ మాట చెప్పి సాయంత్రం ఆ బార్ కోసం గాల్లోకి ఎగరకండి. ఒక రెప్పపాటు ఆలస్యంగా వదిలినా మీ చేతికి దొరికేది గాలే. క్యాంపు మారే రోజూ వద్దు, మర్నాడే రిగ్గు ఎత్తాలి. వానల్లో ఆటలు ఆగినప్పుడు చెప్పండి, కనీసం మూడు రోజులు ఆట లేకుండా చూసుకోండి.

చెప్పేటప్పుడు మీ గురించే చెప్పండి. ‘అక్కా, నాకు ఆడవాళ్ల మీద అలాంటి మనసు రాదు, మగవాళ్ల మీదే వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే.’ అక్కడ ఆగిపోండి. బావ పేరు చెప్పాల్సింది బావే. ఆ రహస్యంలో సగం మీది కాదు. అక్క ఊహించి అడిగితే ‘అది వేరేవాళ్ల సంగతి, నన్ను అడగకు’ అనొచ్చు. మొదటి రోజు ఆమె ఏడ్చినా, రెండు రోజులు మాట్లాడకపోయినా అదే ఆమె చివరి మాట అనుకోవద్దు. అమ్మానాన్నలకి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆ తర్వాత అక్కతో కలిసి ఆలోచించండి. మా అభిప్రాయం అడిగితే, మీ కాళ్ల మీద మీరు నిలబడేదాకా వద్దు.

అక్కని పుట్టింటికి పంపేస్తామన్న బెదిరింపుని తేలిగ్గా తీసుకోలేం. కానీ దానికి మందు మీ పెళ్లి కాదు. అక్క ఆధార్, పాప ఉంటే పాప జనన ధ్రువపత్రం, అక్క పేరు మీద బ్యాంకు ఖాతా, ఆమె ఆట డబ్బులు ఆ ఖాతాలోనే పడటం, ముందు ఇవి చూడండి. కాపురం చేసే ఇంటి నుంచి భార్యని గెంటేయడానికి గృహహింస చట్టం ఒప్పుకోదు. 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

మీ కాగితాలన్నీ నాన్నగారి ట్రంకుపెట్టెలోనే ఉంటాయని మా అనుమానం. సర్కస్ కుటుంబాల్లో మామూలే. ఆధార్, పదో తరగతి మెమో, పాన్, పాస్‌బుక్, పాస్‌పోర్టు మీ దగ్గరికి తెచ్చుకోండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు మీ చేతిలోని సిమ్ అయి ఉండాలి. అది నాన్నగారి నంబరైతే ప్రతి ఓటీపీ ఆయనకే వెళ్తుంది, ఖాతాలో డబ్బులున్నా మీవి కావు. ఏదైనా ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించుకోండి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. హైదరాబాద్‌లో ఇద్దరికి నెలకి ఇరవై వేలు పెట్టుకున్నా లక్షా ఇరవై వేలు. సినిమా ఫైట్లకి రోప్ కట్టే టీముల్లో, ఈవెంట్లలో, జిమ్నాస్టిక్స్ శిక్షణలో మీ చేతులకి పని ఉంది. ఫైటర్ల యూనియన్ కార్డు మాత్రం అడగ్గానే వచ్చేది కాదు. దాని మీదే ఆశ పెట్టుకుని బయటికి రాకండి.

చట్టం గురించి రెండు ముక్కలు. ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదు, 2018 సెప్టెంబరు 6 నుంచి. పెళ్లిగా మాత్రం చట్టం గుర్తించదు, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ విషయాన్ని పార్లమెంటుకి వదిలేసింది. ఎవరైనా బంధించినా కొట్టినా 112కి ఫోన్ చేయండి, ఉచిత న్యాయ సాయానికి 15100. మీలో ఒకరిని ఇంట్లో పెట్టి తాళం వేస్తే రెండోవారు హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్) వేయొచ్చు. అలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయొద్దని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కింది కోర్టులకి చెప్పింది.

పెళ్లి కాగితం లేదు కాబట్టి మిగతా కాగితాలు గట్టిగా ఉండాలి. ఇద్దరి పేరుతో బ్యాంకు ఖాతా తెరవడానికీ ఒకరికొకరు నామినీగా ఉండటానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ తెలియజేసింది. నామినీ అంటే డబ్బు అందుకునేవాడు మాత్రమే, వారసుడు కాదు. దానికి వీలునామా రాయాలి: తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకులోనే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, ప్రమాదంలో పోతే రెండు లక్షలు వస్తాయి. ప్రైవేటు ప్రమాద బీమా తీసుకుంటే వృత్తి దగ్గర ‘సర్కస్’ అని రాయండి. ప్రీమియం పెరిగినా, అసలు ఇవ్వమన్నా సరే, దాచకండి. దాస్తే క్లెయిమ్ రోజున కంపెనీ పట్టుకునేది ఆ ఒక్క ముక్కనే.

ఆఖరుది, మీ పనిలో అన్నిటికంటే ముందు కావాల్సింది. మీకు తెలివి లేని స్థితిలో ఆసుపత్రిలో డాక్టర్లు ఎవరితో మాట్లాడాలో, మిమ్మల్ని చూడటానికి ఎవరిని లోపలికి రానివ్వాలో ఒక కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి నోటరీ చేయించండి. బావ కూడా మీ పేరుతో ఇలాంటిదే రాయాలి. ప్రతి ఆసుపత్రీ దానికి కట్టుబడి తీరాలని చట్టంలో లేదు, కానీ చేతిలో కాగితం ఉన్నవాడిని కారిడార్‌లోంచి పొమ్మనడం కష్టం. ఒరిజినల్ ఎక్కడైనా పెట్టుకోండి. జిరాక్స్ ఒకటి మడిచి, లామినేషన్ చేయించి, బావ పర్సులో ఉంచండి.