డిదరింగ్ అంకెలు దిద్దుకో, అమ్మలూ

అమ్మలూ,

సంక్రాంతి సెలవుల్లో ఊళ్ళో గుర్రపుతల నెబ్యులా ఫోటో తీస్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత పొంగిపోయానో! ఆ వెనకే నీ నీనా (కెమెరానీ టెలిస్కోపునీ నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల స్క్రీన్‌షాట్ పంపింది. అది చూశాక మనసు కుదుటపడలేదు. డిదర్ పిక్సెల్స్ (ఫ్రేముల మధ్య టెలిస్కోపుని కావాలని పక్కకి జరిపే దూరం) 10, సెటిల్ టాలరెన్స్ (జరిపాక నక్షత్రం ఎంత దగ్గరికొస్తే కుదురుకున్నట్టో చెప్పే అంకె) 1.5. ఆఫ్ యాక్సిస్ గైడర్ (పెద్ద టెలిస్కోపులోని వెలుగునే కాస్త గైడ్ కెమెరాకి మళ్ళించేది) వాడే నీ స్నేహితుడి దగ్గర దించుకున్నావట. అతనికి నప్పేవి నీకు నప్పవే తల్లీ.

ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ని (టెలిస్కోపుని మోస్తూ తిప్పే స్టాండు) దారిలో ఉంచే గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ 2లో టూల్స్ మెనూకి వెళ్ళి ఎనేబుల్ సర్వర్ టిక్ పెట్టు, లేకపోతే నీనా చెప్పే డిదర్ దానికి చేరదు. కాలిబ్రేషన్ (ఆదేశానికి మౌంట్ ఎంత కదులుతుందో కొలుచుకోవడం) గుర్రపుతల ఉన్న ఓరియన్ వైపే చేసెయ్, అది ఖగోళ మధ్యరేఖ పక్కనే ఉంది.

మన ఊళ్ళో డిదరింగ్ మానకూడదు. ధ్రువనక్షత్రం 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెట్లూ, పొగమంచూ అడ్డమొస్తే పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి సరిపెట్టడం) కొంచెం తేడాగానే మిగులుతుంది. పైగా గైడ్ కెమెరా బిగించిన చిన్న గైడ్‌స్కోపూ, పెద్ద టెలిస్కోపూ ఒకే తీరున వంగవు. దాంతో గైడింగ్ గ్రాఫ్ బ్రహ్మాండంగా ఉన్నా ఫ్రేము ఫ్రేముకీ నక్షత్రాలు ఒకే దిక్కుకి జరుగుతుంటాయి. హాట్ పిక్సెళ్ళేమో (వెలుగు పడకున్నా వెలిగే చుక్కలు) సెన్సర్‌లో ఉన్నచోటే ఉంటాయి. నక్షత్రాలు కలిసేలా ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి స్టాక్ చేస్తే ఆ నాయిస్ గోడ మీద వాన చారికల్లా ఏటవాలుగా సాగుతుంది. దీన్నే వాకింగ్ నాయిస్ అంటారు. డిదర్ చేస్తే అది ఒక వరసలో పడక చెదిరిపోతుంది. నీది కూలింగ్ లేని డీఎస్ఎల్ఆర్. సెన్సర్ వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా సెన్సర్‌లో పుట్టే సిగ్నల్) రెట్టింపవుతుంది. గుర్రపుతల వెనక ఉన్న ఆ పల్చటి ఎరుపు కోసం స్ట్రెచ్ చేసి మసక భాగాల్ని వెలిగించావంటే ముందు బయటపడేది ఆ చారికలే.

ఇక అసలు తప్పు. ఆ డిదర్ పిక్సెళ్ళు నీ ఫోటో పిక్సెళ్ళు కావు, గైడ్ కెమెరావి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లెక్క కాగితం మీద వేసి చూసుకో: 206 ని పిక్సెల్ మైక్రాన్లతో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించు. నీ గైడ్‌స్కోపు 120 మి.మీ., గైడ్ కెమెరా 3.75 మైక్రాన్లు, అంటే పిక్సెల్‌కి 6.4 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను డిగ్రీలో 3600వ వంతు). పెద్ద టెలిస్కోపు 400 మి.మీ., డీఎస్ఎల్ఆర్ 3.72 మైక్రాన్లు, అక్కడ 1.9. గైడ్ పిక్సెల్ ఒకటి జరిగితే ఫోటోలో మూడు పిక్సెళ్ళ పైనే జరుగుతుంది. నీ స్నేహితుడి గైడ్ కెమెరా అదే 400 మి.మీ. లోంచి చూస్తుంది, 2.9 మైక్రాన్లతో పిక్సెల్‌కి 1.5. అతని 10 అంటే ఫోటోలో ఎనిమిది పిక్సెళ్ళు, నీ 10 అంటే ముప్ఫైనాలుగు! మౌంట్ అంత దూరం జరిగి కుదురుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది, అంచులు కూడా ఎక్కువ కత్తిరించాలి. 5 పెట్టు. పీహెచ్‌డీ 2 ఒక్కో అక్షంలో అంతవరకూ యాదృచ్ఛికంగా జరుపుతుంది, కాబట్టి గరిష్ఠంగా పదహారు పదిహేడు పిక్సెళ్ళు వస్తుంది. నీ కలర్ సెన్సర్‌కి అది చాలు. డిదర్ స్కేల్ 1 దగ్గరే ఉంచు. అది ఈ అంకెని మళ్ళీ గుణిస్తుంది.

టాలరెన్స్‌లో ఇంకా ప్రమాదం ఉంది. నీకు 1.5 అంటే 9.7 ఆర్క్‌సెకన్లు, ఫోటోలో ఐదు పిక్సెళ్ళు. నక్షత్రం ఇంకా అంత దూరంలో ఉండగానే ‘సెటిల్ అయింది’ అనేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, నక్షత్రాలు సాగుతాయి. నువ్వేమో మౌంట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటావు. 0.4 పెట్టు, కనీస సెటిల్ సమయం 10 సెకన్లు, టైమౌట్ 60. గాలి ఉన్న రాత్రి టైమౌట్లు పదే పదే వస్తే 0.5 కి వదులు చెయ్యి, అంతకు మించొద్దు.

డిక్లినేషన్ (ఉత్తర దక్షిణాల కదలిక) కుదురుకోవడానికి మరీ ఆలస్యమైతే పీహెచ్‌డీ 2లోని గైడింగ్ అసిస్టెంట్‌తో బ్యాక్‌లాష్ (గేర్ల మధ్య వదులు) కొలిచి చూడు. ఆర్ఏ ఓన్లీ (తూర్పు పడమరల్లో మాత్రమే డిదర్) టిక్ పెట్టెయ్యాలని చెయ్యి లాగుతుంది. గేర్ సర్దుబాటు ఏ రకంగానూ కుదరకపోతేనే ఆ పని చెయ్యి, ఎందుకంటే అప్పుడు చెదరడం ఒక్క గీత మీదే జరుగుతుంది.

మూడు నిమిషాల ఎక్స్‌పోజర్లయితే ప్రతి ఫ్రేముకీ డిదర్. ముప్ఫై సెకన్లవైతే నాలుగైదింటికి ఒకసారి. స్టాకింగ్‌లో కప్పా సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫ్రేములతో పొంతన లేని చుక్కల్ని తీసేసే పద్ధతి) ఎంచుకో, కనీసం ఇరవై ఫ్రేములుండాలి. ఉత్త యావరేజ్ పెడితే హాట్ పిక్సెళ్ళు పోవు, పలచబడి అక్కడే ఉంటాయి.

కేబుళ్ళు వేలాడనివ్వకు, మౌంట్ తిరిగేందుకు వదులుంచి కట్టు. మంచులో తలకి ఏదైనా చుట్టుకో, అమ్మమ్మ నన్ను తిడుతుంది. మొదటి రాత్రి అవ్వగానే డాక్యుమెంట్స్‌లో పీహెచ్‌డీ 2 ఫోల్డర్ ఉంటుంది, అందులోని గైడ్ లాగ్ పంపు. ఒక్కో డిదర్ తర్వాత ఎన్ని సెకన్లకి కుదురుకుందో చూసి ఆ 0.4 సంగతి రెండో రాత్రికి తేలుద్దాం.

మామయ్య