రూపే అని రాసున్న కార్డులన్నీ ఒకటి కాదు, ఎనక ఏ ఖాతా ఉందో చూడుర్రి

డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు, జన్‌ధన్ కార్డు, కిసాన్ కార్డు తేడా ఏంది, ఊర్ల ఉండేటోళ్ళకు ఏది మంచిది, షాపుకు కరెంట్ ఖాతా (యాపారపు ఖాతా) తెరవాల్నా అని ఒకాయన రాసి అడిగిండు కదా. నన్నడిగితే కార్డు మీద క్లాసిక్ అని రాసినా ప్లాటినం అని రాసినా పట్టించుకోవద్దు, దాని ఎనక ఉన్నది మన పైసలా బ్యాంకోళ్ళ పైసలా అన్నదే చూడాలె. ఇది బ్యాంకుల ఎవ్వరూ చెప్పరు, ఫారం మీద సంతకం పెట్టమంటరు అంతే.

మాది దేవరకొండ దిక్కు. మా చిన్నాయనకు రెండు రూపే కార్డులున్నయి, ఒకటి జన్‌ధన్ ఖాతాది (మన పైసలు తీసే డెబిట్ కార్డు), ఇంకోటి వేరే బ్యాంకుల పంట లోనుకిచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు. రెండూ ఒక్క కవర్లనే పట్టాదారు పాస్‌బుక్‌తోని కలిపి పెడ్తడు, రెండిటికీ పిన్ గూడ ఒక్కటే. పోయిన పత్తి సీజన్ల సీసీఐ (సర్కారు పత్తి కొనే సంస్థ) సెంటర్ల పత్తి అమ్మిండు, పైసలు పడ్డయని ఫోనుకు మెసేజ్ వచ్చింది, అది ఇంగ్లీషుల ఉంటది, ఖాతా నంబరేమో చివరి అంకెలే కనపడ్తయి, ఆయనకేం సమజైతది. నన్ను బండి మీద ఏటీఎంకు తోల్కపొమ్మన్నడు. మొదటి ఏటీఎంల పైసల్లేవు (సంక్రాంతి ముందట మా దిక్కు ఏటీఎంల పైసలుంటే అదే పెద్ద వార్త), రెండోదాని కాడ బయటి దాక లైను. నేను బండి కాడనే ఉన్న, ఆయన లోపటికి పోయి పదివేలు తీస్కొని నవ్వుకుంట వచ్చిండు. స్లిప్పు చూస్తే అది లోన్ ఖాతా! పత్తి పైసలు కాదు, లోన్ల మిగిలిన లిమిట్ తీసిండు.

"ఇవి నీ పైసలు కావు చిన్నాయనా, అప్పు" అన్న.
"అప్పైతే మిషన్ ఎందుకిచ్చిందిరా, సంతకం గూడ అడగలే" అన్నడు.

లైన్ల ఉన్నోళ్ళంత నవ్విండ్రు గానీ ఆయన అడిగిందాంట్ల తప్పేముంది? రెండూ ప్లాస్టిక్కే, రెండిటి మీద రూపే అనే ఉంటది, మిషన్ రెండిటికీ ఒక్కతీరుగనే పైసలిస్తది. పత్తి పైసలేమో జన్‌ధన్ ఖాతాల చల్లగ కూసున్నయి. ఎందుకంటే ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకు సీడ్ (లింకు) అయితే, పత్తి పైసల లెక్క ఆధార్ మీద వచ్చే పైసలు ఆ బ్యాంకుకే పోతయి, ఒక్కసారి ఒక్క బ్యాంకే. అది ఏ బ్యాంకో మైఆధార్ సైట్ల బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటది, చూస్కోవచ్చు.

కిసాన్ కార్డు చెడ్డదని అంటలేను. పంట లోను 3 లక్షల దాక ఏడాదికి 7 శాతం మిత్తి, గడువు లోపల కడితే 3 శాతం తగ్గి 4కే పడ్తది, ఇంత తక్కువకు బయట ఎవడిస్తడు. కానీ మావోళ్ళకు గడువు యాదికుండది, మాఫీ అయితదిలే అని కూసుంటరు, గడువు దాటితే ఆ తగ్గింపు పాయె.

జన్‌ధన్ కార్డు మీద ఇంకో ముచ్చట. 2014ల మొదలైంది, మినిమం బ్యాలెన్స్ లేదు, 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షల ప్రమాద బీమా ఉంటది, అంతకు ముందువాటికి లక్ష. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్ల ఆ కార్డు ఒక్కసారన్న వాడి ఉండాలె. పాలమూరు నుంచి ముంబై, పూణె పనికి పోయేటోళ్ళు కార్డు ఇంట్ల పెట్టెల పెట్టి పోతరు, ఏమన్న అయితే ఇంటోళ్ళు తిరిగి తిరిగి సచ్చినా బీమా రాదు. వెంట తీస్కపోయి అప్పుడప్పుడు వంద రూపాయలన్న తీయుర్రి.

ఇగ నల్లగొండ గడియారం కాడ గొడుగేసుకొని పిలిచి ఇచ్చే క్రెడిట్ కార్డులు. ఊర్ల రెండు రూపాయల మిత్తి అంటే గుండె బాదుకునేటోళ్ళే ఈ కార్డు బాకీ నిలిపి నెలకు నూటికి మూడు, మూడున్నర కడ్తరు. దాంతోని ఏటీఎంల పైసలు తీస్తే అదే రోజు నుంచి మిత్తి, పైన ఫీజు వేరే. జీతం ఉండి గడువుల మొత్తం బాకీ కట్టేటోళ్ళు తీస్కోండ్రి, మినిమం డ్యూ (బిల్లుల కనీసం కట్టాల్సిన కొంచెం) కట్టి ఊకునేటోళ్ళకు వద్దే వద్దు.

అడిగిన ఆయన షాపు ఉందని రాసిండు కాబట్టి చెప్తున్న, కరెంట్ ఖాతాల పైసలకు మిత్తి రాదు. రోజూ పెద్ద లావాదేవీలు, చెక్కులు ఉంటెనే అది, లేకుంటే సేవింగ్స్ ఖాతానే ఉంచుకో అన్నా.