వామనుణ్ణి తీసెయ్

అమ్మాయీ,

ఎయిరిండియా చరిత్ర మీద నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగా, రెండోసారి ఎర్ర పెన్నుతో. మొదటి వాక్యంలోనే "వామనుడు త్రివిక్రముడైనట్టు" అన్నావు. అది తీసెయ్. ఎదుగుదల అనగానే మనవాళ్ల కలానికి వామనుడే తగులుతాడు. ఆయనకి ఎదగడానికి పెట్టుబడి అక్కర్లేకపోయింది. విమాన సంస్థకి అలా కుదరదు.

ఆ సంస్థ కథ మొదలైన 1932 అక్టోబరు 15ని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ ఆగాలి. ఆ రోజు జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి నడిపిన చిన్న పుస్ మాత్ విమానంలో ఉన్నది టపా సంచులు. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీ దాకా తెచ్చిన ఉత్తరాలవి. అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి జుహూలో పైలట్ నెవిల్ విన్సెంట్ ఆ సంచులు అందుకుని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. వానాకాలం వస్తే జుహూ అంతా బురద, అందుకని ఆ నెలల్లో పూనాకి మారేవాళ్లు.

ఎడ్లబండి దొరికింది కదాని మురిసిపోయి పేజీ నింపకు (నీ వయసులో నేనైతే నింపేవాణ్ణే). విమానం ఎక్కే జనం లేనప్పుడు సర్వీసు ఎలా నడిచిందో అడుగు. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు. మోసిన టపాకి వచ్చే కిరాయే దిక్కు. 1933 మొత్తం మీద ఎక్కిన ప్రయాణికులు 155 మంది, మోసిన టపా దాదాపు 11 టన్నులు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే నీ మొదటి అధ్యాయానికి వెన్నెముక దొరుకుతుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒకప్పుడు నేనూ ఓ కంపెనీకి రజతోత్సవ సంచిక రాసిచ్చాను. పేజీ పేజీకీ "ఎదిగింది", "విస్తరించింది" అని రాశాను. పదేళ్ల తర్వాత తిరగేస్తే అందులో ఒక్క మనిషీ ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు! అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. సిగ్గేసింది. నీ ప్రతిలో ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టుకో.

1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ విమానం కైరో, జెనీవాల మీదుగా లండన్‌కి బయల్దేరిన ఘట్టం బాగా రాశావు. 35 మంది ప్రయాణికులు, ఆ సందడీ కళ్లకి కట్టింది. కానీ ఆ విమానం నడిపిన ఎయిరిండియా ఇంటర్నేషనల్ సంస్థలో ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్న సంగతిని ఫుట్‌నోట్‌లోకి తోసేశావు. దాన్ని పైకి తీసుకురా. ఐదేళ్లలో ఆ వాటాదారే యజమాని అయ్యాడు మరి.

అసలు కథ 1953లో ఉంది. నువ్వేమో "జాతీయం చేశారు, అయినప్పటికీ ప్రగతి ఆగలేదు" అని దాటేశావు. ఆ ఏడాది చట్టంతో దేశంలోపలి రూట్లన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి పోయాయి. మన హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులోనే కలిసిపోయింది. ఎయిరిండియా ఇంటర్నేషనల్‌కి మిగిలింది విదేశీ రూట్లు. అంటే బొంబాయి నుంచి మద్రాసుకి టపా మోసి పుట్టిన సంస్థ ప్రపంచ సంస్థ అవుతూ పుట్టింటి దారినే పోగొట్టుకుంది. మళ్లీ ఆ రెండూ ఒక్కటైంది 2007లో. దీన్ని విస్తరణ అంటావా? ఇంకో సంగతి. ఆ జాతీయకరణని వద్దన్న జె.ఆర్.డి.యే 1978 దాకా, పాతికేళ్లపాటు ఛైర్మన్‌గా ఉన్నాడు. ఎందుకున్నాడు? ఆయన ఉత్తరాలూ ప్రసంగాలూ అచ్చులో దొరుకుతాయి, చదువు. నీ ఊహ మాత్రం ఆయన నోట్లో పెట్టకు.

తర్వాతి భాగాన్ని కుదించు. 1960లో బోయింగ్ 707లు వచ్చాయి, అదే ఏడాది న్యూయార్క్ సర్వీసు మొదలైంది, 1962కల్లా అన్నీ జెట్లే అయ్యాయి. ఒక పేరా చాలు. సంస్థ గుర్తు మహారాజా బొమ్మకి మూడు పేజీలెందుకు? 1985లో కనిష్క విమానం కూలి 329 మంది పోయిన చోట విశేషణాలన్నీ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. 1990లో ఇరాక్ దాడి తర్వాత కువైట్ చుట్టుపక్కల చిక్కుకున్న లక్షమందికి పైగా మనవాళ్లని తీసుకొచ్చిన ఘట్టం మాత్రం పెంచు. అక్కడ నువ్వు అంకెలతో ఆగిపోయావు. అలా వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు, వెళ్లి కూర్చుని అడుగు.

వామనుడి పోలిక మీద అంత మోజుంటే ఒక పని చెయ్యి. ఆ కథలో బలిచక్రవర్తి కూడా ఉన్నాడు. నీ పుస్తకంలో ఆయన స్థానంలో ఎవరున్నారో వెతుకు. దొరికితే పోలిక ఉంచుకో.

1953 అధ్యాయం తిరగరాయగానే అదొక్కటీ ముందు పంపు. మిగతాది తీరిగ్గా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు