పుస్తకం వచ్చే ముందు నీ చదువు గురించి

అమ్మాయీ,

ఈ ఏడాది అచ్చయిన నీ మూడు కథలూ నిన్న ఒకే కూర్చోవడంలో చదివాను. రెండో కథలో ఆ ముసలాయన కొడుకు రాసిన ఉత్తరం విప్పబోయి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మడిచి జేబులో పెట్టేసుకుంటాడే, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఆయన బాధ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు, అయినా నాకు గొంతు పట్టేసింది. మూడో కథకొచ్చేసరికి మాత్రం బాధ, దిగులు, వేదన అనే మాటలే పేరా పేరాకీ తగిలాయి. ఎందుకిలా అయిందా అనుకుంటుంటే మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట గుర్తొచ్చింది. "ఈ ఏడాది ఏమీ చదవలేదండీ, రాయడానికే టైం సరిపోలేదు" అన్నావు. అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

రాసేవాళ్ళకి చదువు ఆగిపోతే ఆ సంగతి వెంటనే తెలియదు. మొదటి పుస్తకం వచ్చాక నేనూ ఏడాదిన్నర పాటు నా కథలూ, వాటి మీద ఎవరేమన్నారన్నదీ తప్ప ఇంకేమీ చదవలేదు. ఆ తర్వాత రాసిన నాలుగు కథలూ ఒకే కథలా ఉన్నాయని ఒక స్నేహితురాలు చెబితేగానీ నాకు తెలియలేదు.

రోజుకో పుస్తకం చదవమనడం లేదు. వారానికి ఒక్క కథ చాలు, కానీ రెండుసార్లు చదువు. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకు, హాయిగా చదివేసి పక్కన పెట్టు. మర్నాడు మళ్ళీ తీసి, నిన్న నిన్ను కదిలించిన వాక్యం ఎక్కడుందో చూసి అక్కణ్ణించి వెనక్కి నడు. రెండు మూడు పేజీల ముందు ఏదో ఒక మామూలు వస్తువో, ఎవరో యథాలాపంగా అన్న మాటో ఉంటుంది, మొదటిసారి చదివినప్పుడు దాన్ని నువ్వు పట్టించుకునే ఉండవు. కథ పని మొదలుపెట్టింది అక్కడే. దాని కింద గీత గియ్యి. నీ రెండో కథలో ఆ కళ్ళజోడు మొదటి పేజీలోనే ఒకసారి వచ్చింది, గమనించావా? అది నీకు తెలిసి చేసినా తెలియక చేసినా, అలాంటిది చేతికి రావడం చదువుతోనే అలవాటవుతుంది. బాగా నచ్చిన కథైతే ఒక పేజీ చేత్తో ఎత్తిరాసి చూడు. కామా ఎందుకు పెట్టారో, వాక్యం ఎందుకంత పొట్టిగా తెంపేశారో అప్పుడు వేళ్ళకి తెలుస్తుంది.

ఇక నీ సంపుటి ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు దిద్దడానికిచ్చే ప్రతుల సంగతి. చదివేటప్పుడు కన్ను అక్షరం వెంట అక్షరంగా సాగదు, సుమారు పావు సెకను ఒకచోట ఆగి ముందుకి గెంతుతుంది. మధ్యలో సరిగ్గా కనబడని దాన్ని మనసు పూరించుకుంటుంది. రాసింది మనమే అయితే మనసుకి అంతా ముందే తెలుసు కాబట్టి తప్పుని కూడా ఒప్పుగానే చూపిస్తుంది. నా కథ ఒకదానిలో అక్క పేరు నాలుగో పేజీలో ఒకటి, పదకొండో పేజీలో ఇంకొకటి. నాలుగుసార్లు దిద్దాను, నా కంటికి ఆనలేదు, పుస్తకం వచ్చాక ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఆ రోజు సిగ్గుతో అన్నం తినలేదు. అందుకే తెర మీద దిద్దకు, కాగితం మీద వేరే ఫాంటులో తీసుకుని పైకి చదువు. ఇంగ్లీషు చదివే పెద్దవాళ్ళు మనసులో అయితే నిమిషానికి సుమారు 240 మాటలు, పైకి అయితే 180 దాకా చదువుతారని లెక్కలున్నాయి. ఆ తగ్గిన వేగమే మనకి కావాల్సింది. నోరు తడబడిన ప్రతిచోటా వాక్యంలో ఏదో ఉందన్నమాట.

పేజీల లెక్క కూడా ముందే చూసుకో. పుస్తకాలు ఎక్కువగా ఫారాల్లో అచ్చవుతాయి, ఫారమంటే ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే 16 పేజీలు. 128 అయితే సరిగ్గా ఎనిమిది ఫారాలు, 132 అయితే ఆ నాలుగు పేజీల కోసం ఇంకో ఫారమో ముక్కో కలపాలి. అలాంటప్పుడు చివరి నిమిషంలో కథ కోసేయమంటారు, ఆ కోత ప్రెస్ దగ్గర హడావిడిగా కాకుండా ఇప్పుడు నీ బల్ల దగ్గరే జరగనీ. మూడో కథలో రెండు పేజీలు సులువుగా పోతాయి, బాధ అన్న మాట ఉన్న వాక్యాలతో మొదలుపెట్టు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మొదటి ప్రచురణ హక్కు మాత్రమే ఇస్తున్నావో, అనువాదంతో సహా అన్ని హక్కులూ రాసిచ్చేస్తున్నావో చదువుకో. మొహమాటపడకుండా అడుగు.

పుస్తకం వచ్చిన నెలంతా ఎవరేమన్నారా అని ఫోన్ చూస్తూ కూర్చుంటావు, ఆ నెలకి నిన్నేమీ అనను. కానీ రాత్రి పడుకోబోయే ముందు అరగంట వేరేవాళ్ళ కథ చదువు.

ప్రూఫులు రాగానే నాకో ప్రతి పంపు. ఫోన్‌లో నేను పైకి చదువుతాను, నువ్వు నీ ప్రతిలో వేలు పెట్టుకుని విను. ఆదివారం పొద్దున్న అయితే నాకు ఖాళీ.