పెరట్లో నీళ్లు పెట్టుకుందామనుకుంటున్న మేనకోడలికి

కడియపులంక

చి.ల.సౌ. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలూ, కాంట్రాక్టరు గీసిచ్చిన బొమ్మా చూశాను. వెనక గోడ మీంచి జలపాతం, దాని కింద కొలను, కొలనులో కోయి చేపలు, చేపల పక్కన తామరలు, రాత్రికి రంగు లైట్లు. బొమ్మ బాగుంది. పెళ్లి మండపానికైతే ఇంకా బాగుంటుంది. అతనికి అడ్వాన్సు ఇచ్చేముందు నన్నడిగావు చూడు, అది మంచి పని. నర్సరీ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు గట్టిగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఒక్కటి తేల్చుకో. నీకు నీళ్ల చప్పుడు కావాలా, పువ్వు కావాలా, పిట్టలు రావాలా? మూడూ కావాలంటావు, తెలుసు. కానీ ఒక్క తొట్టిలో మూడూ కుదరవు. కలువకీ తామరకీ నిలకడ నీళ్లు కావాలి. ఆకుల మీద రోజంతా తుంపర పడుతుంటే కలువ ఆకు కుళ్లుతుంది, మొగ్గ నిలవదు. కోయి చేప మట్టిని తవ్వి తామర దుంపని పెళ్లగిస్తుంది. పైగా కోయికి కనీసం 3 అడుగుల లోతు, 24 గంటలూ నడిచే ఫిల్టరు కావాలి. కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం నీళ్లలో గాలి తగ్గి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూస్తూ కూర్చోవడం నీ వల్ల కాదు. కోయి మాట మర్చిపో.

ఇక లెక్క. బొమ్మలో కొలను 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు. అంటే దాదాపు 2,700 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులో సగానికి పైన. నడి ఎండాకాలంలో రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది. ఆ కొలనుకి అది 45 లీటర్లు, జలపాతం తుంపరకి పోయేది వేరే. ఏప్రిల్‌లో మీ బోరు సన్నగిల్లి ట్యాంకరు కోసం ఫోన్లు చేస్తున్నప్పుడు గోడ మీంచి నీళ్లు దూకుతుంటే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో వదిలెయ్, నీకే టెన్షన్‌గా ఉంటుంది.

ఆ బోరు నీళ్లతో ఇంకో తలనొప్పి ఉంది. మీ బాత్రూమ్ కుళాయిల మీద తెల్లగా ఉప్పు పట్టిందని మీ అమ్మ చెప్పింది. అవే నీళ్లు రాతి మీద రోజూ పారి ఆరిపోతుంటే రాయి కూడా అలాగే తెల్లబడుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. మళ్లీ పోసిన బోరు నీళ్లు ఇంకొంచెం ఉప్పు తెస్తాయి. వెనిగర్‌తో తుడిస్తే పోతుందంటారు, పోతుంది, గ్రానైట్ మీద. తాండూరు బండా, కడప బండా సున్నపురాళ్లు. పులుపు తగిలితే వాటి నునుపే పోతుంది. అందుకని బోరు నీళ్లున్న ఇంట్లో నీళ్లు పారే చోట గ్రానైటే వేయించు. మునిసిపల్ నీళ్లో, సంపులో పట్టిన వాన నీళ్లో వాడగలిగితే మరీ మంచిది. జలపాతానికి పెట్టే ఫైబరు కొండరాళ్లు మాత్రం వద్దు. రెండు వేసవులు పోయేసరికి రంగు వెలిసి, చిరిగిన సినిమా సెట్టులా మిగులుతాయి.

అన్నిటికంటే ముఖ్యం మీ బుడ్డోడు. వాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ వయసు పిల్లలకి తల బరువు ఎక్కువ. నీళ్లలోకి తొంగిచూసి ముందుకు పడితే లేవలేరు, అరవలేరు కూడా. బెత్తెడు నీళ్లు చాలు ప్రమాదానికి. చుట్టూ గ్రిల్లు కట్టిస్తామని కాంట్రాక్టరు అంటాడు. గ్రిల్లుకి గేటు ఉంటుంది, ఆ గేటు ఏదో ఒకరోజు తీసి ఉంటుంది. వాడు బడికెళ్లి, ఈత నేర్చుకునేదాకా మీ పెరట్లో పైకి కనిపించే నిలవ నీళ్లు ఉండకూడదు. ఇందులో బేరం లేదు.

మరి ఏం పెట్టాలంటావా? మన పాత ఇంటి వెనక అమ్మమ్మ రోలు పడి ఉంది కదా, నల్లరాతిది. దాన్ని పంపిస్తాను. నేలలో ఒక 100 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి పాతించు, అంచు నేలమట్టానికి ఉండాలి. తొట్టి మధ్యలో ఇటుకలతో చిన్న దిమ్మె కట్టించు. రోలు బరువంతా దిమ్మె మోయాలి, జాలీ మోయకూడదు. తొట్టి మీద మందపాటి ఇనుప జాలీ, దాని మీద గులకరాళ్లు. రోటి అడుగున కోర్ కటింగ్ మెషీన్‌తో బెజ్జం వేయించి కింది పంపు పైపు అందులోంచి తెస్తే, నీళ్లు గుంటలో ఊరి, అంచు పొర్లి, రాతి ఒంటి మీదుగా జారి, గులకరాళ్ల మధ్య నుంచి మళ్లీ తొట్టిలో పడతాయి. రోటి గుంటని కూడా గులకరాళ్లతో నింపెయ్. పైన పల్చటి నీటి పొర తప్ప లోతు ఉండదు. బుడ్డోడు చేతులు పెట్టి ఆడుకున్నా భయం లేదు. అలాగని వాణ్ణి ఒంటరిగా వదిలెయ్యమని కాదు.

రోటికి బెజ్జం అంటే మీ అమ్మ ఒప్పుకోకపోవచ్చు. అమ్మమ్మ ఎన్నేళ్లు పచ్చళ్లు రుబ్బిన రోలు అది. అప్పుడు బెజ్జం మానేసి, పక్కన చిన్న రాతి స్తంభం నిలబెట్టి, దాని వెనకనుంచి పైపు తెచ్చి ఇత్తడి గొట్టంతో రోట్లోకి ధార పడేలా చేయించు. నిజం చెప్పాలంటే నాకు ఈ రెండోదే ఇష్టం, చప్పుడు బాగా వస్తుంది. ధార జానెడు ఎత్తు నుంచి పడితే చాలు. మూడడుగుల నుంచి పడితే అది కుళాయి వదిలేసినట్టే వినిపిస్తుంది, ఎవరో ఒకరు లేచి కట్టేద్దామని వస్తారు. రాజమండ్రిలో ఒకరు పడగ్గది కిటికీ కిందే ఎత్తు ఫౌంటెన్ కట్టించుకుని, రాత్రి నిద్ర పట్టక నెల తిరక్కుండా ఆపేశారు. ఇప్పుడందులో క్రోటన్లు ఉన్నాయి.

కాంట్రాక్టర్లు మర్చిపోయేది ఒకటుంది, దగ్గరుండి చూసుకో. పంపు మీదుగా జాలీలో చెయ్యి పట్టే తలుపు పెట్టించాలి. లేకపోతే పంపు ఆగిన రోజు రోలు, రాళ్లు, జాలీ అన్నీ ఎత్తాలి. ఆగడం మాత్రం ఖాయం. మీ వాయవ్యం మూల పక్కింటి వేపచెట్టు మీ గోడ మీదికి వాలి ఉంది, ఫోటోలో చూశాను. శివరాత్రికీ ఉగాదికీ మధ్య అది ఆకంతా దులుపుతుంది. ఆకుని చేత్తో ఏరేయచ్చు, ఆ సన్నటి ఈనెలే దొంగలు. గులకరాళ్ల సందుల్లోంచి దిగి పంపు స్పాంజికి చుట్టుకుంటాయి. ధార సన్నబడిందంటే పంపు పాడైందని కొత్తది కొనకు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, స్పాంజి తీసి, కుళాయి కింద పిండి చూడు. సగంసార్లు మందు అదే. ఆ చెట్టుకి వీలైనంత దూరంగా, ఈశాన్యం వైపు పెట్టించు. మీ అత్తగారు వాస్తు ప్రకారం అక్కడే అన్నారట కదా. పోనీలే, చెట్టు లెక్కన నేనూ అక్కడే అంటున్నాను, గొడవ లేదు.

పంపు పెద్దది అక్కర్లేదు. 18 వాట్ల కూలర్ పంపు సరిపోతుంది. రోజంతా నడిపినా నెలకి 13 యూనిట్లు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు టైమరు పెడితే మూడు యూనిట్ల చిల్లర. అది ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, నీళ్లు తగ్గి ఒట్టిగా తిరిగితే కాలిపోతుంది. ప్లగ్ గోడకి నడుమెత్తున, మూత ఉన్న బాక్సులో ఉండాలి. ఆ లైనుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎర్తింగ్ ఉందని ఎలక్ట్రీషియన్ నోటిమాటగా చెబితే నమ్మకు, పరీక్ష చేసి చూపించమను. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దని అల్లుడికి నా మాటగా చెప్పు.

దోమల సంగతి కొంచెం వివరంగా రాయాలి. డెంగీ తెచ్చే దోమకి మురికి కాలువ అక్కర్లేదు, నీలాంటి శుభ్రమైన ఇల్లాలి తొట్టే కావాలి. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి మన వేడికి వారం, పది రోజులు చాలు. ధార పడుతున్నంతసేపు రోట్లో గుడ్లు పెట్టదు. కానీ కింద నేలలో తొట్టి ఉంది చూడు, చీకటి, చల్లదనం, టైమరు ఆగిన వేళ నిలకడ నీళ్లు. దానికి అంతకంటే ఏం కావాలి! అందుకని వారానికోసారి ఆ తొట్టి ఖాళీ చెయ్. వంగి చెంబులతో తోడక్కర్లేదు. పంపు పైపు ఊడదీసి తోట పైపు తగిలించి కరివేపాకుకీ, మల్లెపాదుకీ పెట్టు. అడుగున మిగిలిన నీళ్లని మగ్గుతో ఎత్తి, లోపలి గోడలు కొబ్బరి పీచుతో రుద్దు. ఎందుకంటే గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినా నెలల తరబడి ఎండి బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే లేస్తాయి. ఎలాగూ శుక్రవారం డ్రై డే (నీళ్ల తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) అని ఆరోగ్యశాఖవాళ్లు చెబుతుంటారు, అదే రోజు పెట్టుకో. పాత నీళ్లు వారం వారం మొక్కలకి పోతాయి కాబట్టి ఉప్పు పేరుకునే బాధ కూడా తగ్గుతుంది. సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు తొట్టి పూర్తిగా ఖాళీ చేసి రా.

తామరల మీద నీకెంత మోజో నాకు తెలుసు. అది మేడ మీద పెట్టు. కారణం చెబుతాను. మీ పెరడు ఇంటికి ఉత్తరం వైపు. ఇప్పుడు మే నెల కాబట్టి ఎండ నడినెత్తిన ఉంది, పెరడంతా వెలుగే. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలాక, 22 అడుగుల ఎత్తున్న మీ ఇంటి నీడ మధ్యాహ్నం వేళ కూడా 19 అడుగులు పడుతుంది. మీ పెరడు లోతు 20 అడుగులు. తామర చలికాలం ఎలాగూ నిద్రపోతుందనుకో, కలువ అలా కాదు, చలిలోనూ ఎండ అడుగుతుంది. రెండింటికీ రోజుకు 6 గంటల నేరుగా పడే ఎండ ఉండాలి. అది లేకపోతే ఆకులు వస్తాయి, పువ్వు రాదు. పువ్వు రాలేదని నర్సరీవాణ్ణి తిట్టుకుంటారు. మేడ మీద ఆ లోటు లేదు, పైగా మెట్ల తలుపుకి బుడ్డోడి చేతికందని గడియ ఉంది.

తొట్టి 18 అంగుళాల వెడల్పు, అడుగు లోతు చాలు, అడుగున బెజ్జం లేనిది. నల్లది వద్దు, మే ఎండకి నీళ్లు కాగిపోతాయి. నీళ్లూ మట్టీ కలిపి 50 కిలోల పైచిలుకు ఉంటుంది, స్లాబు మధ్యలో కాకుండా కింద గోడో, దూలమో ఉన్న చోట పెట్టు. ఒకటి బాగుందని పది పెట్టేముందు మాత్రం ఇంజనీరుని అడుగు. సగానికి తక్కువగా ఒండ్రుమట్టి, అడుగున గుప్పెడు మాగిన పశువుల ఎరువు. కొబ్బరిపొట్టు వేయకు, తేలుతుంది. దుంపని అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పి, మొలక కొస మాత్రం బయటికి ఉంచు. అది విరిగితే ఆ దుంప ఇక లేవదు. మొదట రెండంగుళాల నీళ్లు పోసి, ఆకు పెరిగేకొద్దీ పెంచు. కుళాయి నీళ్లైతే ఒకరోజు బకెట్లో నిలవ ఉంచి పోస్తే క్లోరిన్ పోతుంది. దోమలకి అందులో నాలుగైదు గప్పీ చేపలు వదులు, అవే పెరుగుతాయి. ఎక్కువైతే ఎవరికైనా ఇవ్వు, చెరువులో మాత్రం పారబోయకు. మునిసిపాలిటీవాళ్లు దోమలకని ఇచ్చే గంబూసియా చేప కూడా అంతే, చెరువులో పడితే మన చిన్నచేపల పిల్లల్ని మిగల్చదు. మీ అత్తగారి ఇత్తడి గంగాళం ఉంది కదా, అందులో చేపలు వేద్దామని పొరపాటున కూడా అనుకోకు. ఇత్తడిలోని రాగి చేపకి విషం. దాంట్లో పండగపూట పూలు తేలేయ్, సాయంత్రానికి నీళ్లు పారబోయ్.

పిట్టలకైతే ఖర్చే లేదు. పిట్టగోడ మీద రెండంగుళాల లోతు మట్టి మూకుడు, రోజూ నీళ్లు మార్చాలి. పిల్లి దాక్కునే పొదల పక్కన పెట్టకు, అంతే.

బుడ్డోడు పెద్దయ్యాక పెరట్లో కలువలు కావాలంటే అప్పుడూ ఆ కొలను కట్టించకు. బావికి దింపే సిమెంటు వర 3 అడుగుల వెడల్పుది ఒకటి తెచ్చి, అడుగు మూసి పాతిస్తే 200 లీటర్లు పడుతుంది. ఎండ ఉన్న మూల చూసి పెట్టుకోవచ్చు. కొత్త సిమెంటులో సున్నం ఊరుతుంది కాబట్టి రెండు మూడు వారాలు నీళ్లు నింపడం, పారబోయడం చేశాకే మొక్కైనా చేపైనా.

ఇప్పటికి నువ్వు చేయాల్సింది, కాంట్రాక్టరుకి బొమ్మ తిరిగిచ్చెయ్. ఈశాన్యం మూల నుంచి దగ్గర్లోని ప్లగ్ పాయింటుకి ఎన్ని అడుగులో, అక్కడ నేలలో డ్రైనేజీ పైపు ఏదైనా వెళుతోందో అల్లుణ్ణి కనుక్కుని రాయమను. రోలు మొక్కల లారీలో వేసి పంపుతాను, దింపడానికి నలుగురు మనుషులు కావాలి, ముందే చెప్పి ఉంచు. తామర దుంపలు ఇప్పుడు కాదు, శివరాత్రి వెళ్లాక పంపుతాను. అందాకా తామర తొట్టి కొనొద్దు.

ఆశీస్సులతో,
మావయ్య