పిన్‌కోడ్‌ పందెం: బెజవాడా, గుంటూరా?

ప్రశ్న: మాది బెజవాడ వన్‌టౌన్, పిన్ 520001. మా బావగారిది గుంటూరు, 522001. ఓ పెళ్లి భోజనాల దగ్గర మాటా మాటా వచ్చి, మా పిన్ ప్రధాన సంఖ్య అంటే మా పిన్ ప్రధాన సంఖ్య అని పందెం కాసుకున్నాం. నేను నాదాన్ని 47 దాకా అన్నిటితో భాగించి చూశా, దేనితోనూ పోలేదు. గెలిచినట్టేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లేదండీ. మీ బావగారూ గెలవలేదు కాబట్టి ఎవరి డబ్బులు వాళ్ల జేబులోనే.

అయినా 47 దగ్గర ఎందుకు ఆపేశారు? వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాల్సిందే, ఎందుకంటే రెండు కారణాంకాలూ వర్గమూలాన్ని మించితే వాటి లబ్ధం అసలు సంఖ్యనే దాటిపోతుంది. మీ సంఖ్య వర్గమూలం 721 పైచిలుకు, అందాకా 128 ప్రధాన సంఖ్యలున్నాయి. అందులో 67వది, అంటే 331 దగ్గర మీ పిన్ దొరికిపోయింది: 520001 = 331 × 1571. గుంటూరుది 29వదానికే దొరికింది: 522001 = 109 × 4789. ఈ నాలుగూ మళ్లీ ప్రధాన సంఖ్యలే. ఇలా సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని సెమీప్రైమ్ అంటారు, అంటే రెండు ఊళ్లూ ఒకే కోవ.

ఇక్కడితో ఆపితే మజా ఏముంది? ఆ నాలుగింటినీ 4తో భాగించండి. మీ 331, 1571 రెండింటికీ శేషం 3, వాళ్ల 109, 4789లకు 1. శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని 17వ శతాబ్దంలో ఫెర్మా అంటే, 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. 109 = 10² + 3², 4789 = 55² + 42². అలాంటివి రెండు వేర్వేరువి గుణిస్తే వచ్చేది రెండు రకాలుగా విడిపోతుంది, కావాలంటే కాగితం మీద వేసి చూసుకోండి:

522001 = 676² + 255² = 585² + 424²

మీ 520001 మాత్రం ఎన్ని తిప్పలు పడ్డా రెండు వర్గాలుగా విడిపోదు. శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్య కారణాంకాల్లో ఒక్కసారే వస్తే ఆ దారి మూసుకుపోయినట్టే, మీకు అలాంటివి రెండున్నాయి. ఈ రౌండు నా లెక్కలో గుంటూరుదే. (1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చిన తపాలా శాఖ ఇవేమీ చూసి ఇవ్వలేదు లెండి, మొదటి అంకె 5 మన ప్రాంతానికి గుర్తు, అంతే.)

మీరు మొహం చిన్నబుచ్చుకోకండి. శేషం 3 వచ్చే రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధానికి బ్లమ్ సంఖ్య అని ప్రత్యేకంగా పేరుంది, మాన్యుయెల్ బ్లమ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేరు మీద. రహస్య సంకేతాల కోసం ఊహకందని అంకెలు పుట్టించే ఒక పద్ధతి ఇలాంటి సంఖ్యల మీదే నడుస్తుంది, కాకపోతే అక్కడ వాడేవి వందల అంకెల పొడవుంటాయి. బావగారి పిన్‌కు ఆ హోదా లేదు.

ఈసారి ఆటోనగర్ 520007 మీద మాత్రం పందెం కాయకండి. అది 23 × 23 × 983, మీరు 47 దాకా వెళ్లక్కర్లేకుండానే ఓడిపోతారు.