పాఠకుల ప్రశ్న: వ్యాన్‌లో బస, అలల మీద ఆట

ప్రశ్న: పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా మార్పించుకున్న వ్యాన్‌లో నేనూ మావారూ భోగాపురం నుంచి బారువ దాకా తీరం వెంబడి తిరుగుతూ సర్ఫింగ్ చేయాలనుకుంటున్నాం. ఏ కాలం మంచిది? ఒడ్డునే వ్యాన్ నిలపవచ్చా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరిద్దరూ కొత్తగా నేర్చుకుంటున్నవారైతే అలలు నెమ్మదించే జనవరి, ఫిబ్రవరి నెలలే మేలు, నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు పెద్దవే గానీ కొత్తవారికి లొంగవు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. ఏ నెలలోనైనా తెల్లవారుజామున, నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీచే వేళ, అల నునుపుగా లేచి వరసగా విరుగుతుంది. ఎండెక్కి గాలి తిరిగిందంటే నీరంతా కలగాపులగమే.

కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసే మొగల వద్ద దిగకండి. ఎక్కడైనా ప్రవాహం లోపలికి లాగితే ఎదురీదకుండా, బోర్డు వదలకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి.

వ్యాన్‌ను ఇసుకలోకి దించవద్దు. పైన గట్టిగా కనిపించే పెచ్చు కింద మెత్తటి ఇసుకే ఉంటుంది. చక్రం ఇరుసు దాకా దిగబడితే మత్స్యకారులే దిక్కు (వారు వలలు ఆరబెట్టుకునే చోట బండి పెట్టినవారికి ఆ సాయం అడిగే మొహం ఉండదు). పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టేదీ ఆ జనవరి, ఫిబ్రవరి రోజుల్లోనే. దీపాల వెలుగుకు తల్లులు వెనుదిరుగుతాయి, పిల్లలు దారి తప్పుతాయి. కనుక ఊరివారిని అడిగి రోడ్డు చివర గట్టి నేల మీద బండి నిలిపి, సముద్రం వైపు కిటికీలకు తెరలు వేసుకోండి.